రోహిణి కార్తెలో మంచు గల్లీ ఎక్కడం: అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కర్నూలు, అనంతపురం, కడప కుర్రకారు మనాలి వైపు బయలుదేరుతుంది. గండికోట గోడల మీద, ఓర్వకల్లు రాళ్ల మీద రోప్ పట్టడం నేర్చుకున్నవాళ్లు ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) లాంటి శిఖరాల దగ్గర మొదటిసారి మంచు తొక్కుతారు. రెండు రాతి గోడల మధ్య 35 నుంచి 50 డిగ్రీల వాలుతో పైకి సాగే మంచు దారిని కూలార్ అంటారు. శిబిరాల్లో మాత్రం అందరి నోటా గల్లీ అనే మాటే వినిపిస్తుంది. మే, జూన్‌లలో ఆ గల్లీలోకి అడుగు పెట్టొచ్చా లేదా అని తేల్చుకునేటప్పుడు జనం పదే పదే చెప్పే తప్పుడు లెక్కలు కింద ఉన్నాయి.

అపోహ: అవలాంచ్‌లు (వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం) చలికాలం సంగతి. మే నెలకల్లా మంచు కుదురుకుంటుంది.

సగం నిజం. చలికాలంలో పడిన పొరలు బరువుకు అణిగి ఒకదానికొకటి అతుక్కునేసరికి మే వస్తుంది. ఇక అక్కడి నుంచి ప్రమాదం నీళ్లతో. పగటి ఎండకు పైపొర కరిగి, ఆ నీరు మంచు రేణువుల సందుల్లోకి ఇంకుతుంది. రేణువులను పట్టి ఉంచే సన్నటి అతుకులు కరిగిపోతాయి. ఆ మంచు రెండు రకాలుగా జారుతుంది. ఒక చోట చిన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే తడి ధార ఒకటి. ఇంకిన నీరు లోపలి గట్టి పొర మీద నిలిచిపోయి, పైనున్న మందపాటి పలక మొత్తం ఒక్కసారిగా కదలడం రెండోది. మొదటి రకం అంత వేగంగా రాదు, విశాలమైన వాలు మీదైతే పక్కకు తప్పుకోవచ్చు. గల్లీలో తప్పుకోవడానికి పక్కన గోడ తప్ప ఏమీ ఉండదు. మోకాలి లోతు ధార చాలు, మనిషి కాళ్లు లేచిపోతాయి.

మే నెలలో కూడా పడమటి నుంచి వాన, మంచు మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు వస్తాయి. కింద మనాలిలో వాన కురిస్తే పైన 4,500 మీటర్లు దాటాక కొత్త మంచు పడుతుంది. ఒక అడుగు కొత్త మంచు పడ్డాక వచ్చే మొదటి ఎండ రోజు అన్నిటికంటే చెడ్డది. ఆకాశం నీలంగా మెరిసిపోతూ రమ్మని పిలుస్తుంది కాబట్టి మోసపోయేదీ ఆ రోజే. కనీసం ఒక పగలు కరిగి, ఒక రాత్రి గట్టిగా గడ్డకట్టే దాకా ఆగాలి. రెండు రాత్రులైతే ఇంకా మేలు. చలికాలం కాదు కదా అన్న ధీమా ఏ నెలలోనూ పనికిరాదు. ఉత్తరకాశీ వైపు ద్రౌపది కా దండా-2 శిఖరం మీద శిక్షణ బృందాన్ని అవలాంచ్ ముంచేసింది 2022 అక్టోబర్ 4న. కనీసం 27 మంది పోయారు.

అపోహ: యాప్‌లో రాత్రి మైనస్ చూపిస్తే మంచు గట్టిపడినట్టే.

ముందు ఆ యాప్ ఏ ఎత్తుకు చూపిస్తోందో చూడండి. మనాలి ఊరు ఉన్నది సుమారు 2,050 మీటర్ల దగ్గర. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో రాత్రి 10 డిగ్రీలుంటే 4,800 మీటర్ల దగ్గర మైనస్ 8 ఉండాలి. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. కానీ మంచు పైపొర గడ్డకట్టేది గాలి చలిని బట్టి మాత్రమే కాదు, దాని మీద ఆకాశం ఎంత తెరిచి ఉందన్నదాన్ని బట్టి కూడా. మంచు తన వేడిని కంటికి కనిపించని కిరణాలుగా పైకి వదులుతూ ఉంటుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే ఆ వేడి తిరిగి రాదు. అప్పుడు పైపొర గాలికంటే అయిదారు డిగ్రీలు చల్లబడగలదు. గాలి ప్లస్ 2 ఉన్నా మంచు గడ్డకడుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడి మబ్బుకు తగిలి మళ్లీ మంచు మీదికే వస్తుంది. గాలి మైనస్ 2 ఉన్నా పైన అప్పడమంత పెచ్చు కట్టి, కింద పాయసంలా ఉండిపోతుంది. మార్గశిరంలో అనంతపురంలో ఆరుబయట పెట్టిన బైకు సీటు తెల్లారేసరికి తడిసి ముద్దవుతుంది, వేపచెట్టు కింద పెట్టింది పొడిగా ఉంటుంది. రెండు చోట్లా జరిగేది ఒకటే.

అందుకని రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా టెంటు జిప్పు తీసి చుక్కలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. పదింటి నుంచి మూడింటి దాకా మబ్బుండి నాలుగింటికి తేలిపోయిందంటే, ఎండ వచ్చే లోపు మంచు గట్టిపడటానికి టైము చాలదు.

ఇక చేత్తో చూసుకోవాల్సిన పరీక్ష. టెంట్ల చుట్టూ జనం తొక్కిన మంచు పనికిరాదు, అది ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఎవరూ తొక్కని చోటికి, వీలైతే గల్లీ ఏ దిక్కు చూస్తుందో అదే దిక్కున్న చిన్న వాలు మీదికి వెళ్లండి. బూటుతో పూర్తి బరువు వేసి నిలబడండి. తర్వాత ఒంటికాలి మీద గెంతండి. పెచ్చు విరగకుండా మోస్తే మొదటి గండం గడిచింది. ఇప్పుడు ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వెడల్పు అంచుతో చిన్న గుంట తవ్వి పెచ్చు మందం కొలవండి. రెండు మూడు సెంటీమీటర్లుంటే అది తెల్లారాక గంట కూడా నిలవదు. పది సెంటీమీటర్లు దాటితే పని మొదలుపెట్టొచ్చు. పెచ్చు కింది మంచును గుప్పెట్లో పట్టి పిండండి. చక్కెరలా విడివిడిగా జారిపోతున్నా, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నా పెచ్చు ఎంత మందమున్నా అనుమానించాల్సిందే. జేబు థర్మామీటరుంటే 20 సెంటీమీటర్ల లోతున గుచ్చి చూడండి. సున్నా చూపిస్తే లోపలంతా తడే, రాత్రి కట్టిన ఆ పెచ్చు ఒక్కటే మీకు ఆధారం. మైనస్ 3 ఉంటే లోపల ఇంకా చలి నిల్వ ఉంది.

వరసగా మూడు రాత్రులు గడ్డకట్టలేదంటే ఆ వైపు గల్లీలన్నీ వదిలేయండి. పెద్ద పలకలు కదిలేది అలాంటప్పుడే.

అపోహ: గండికోటలో రాయి ఎక్కినవాడికి మంచు చూస్తే అర్థమైపోతుంది.

కాళ్ల పట్టు, రోప్ పని, ఎత్తంటే భయం లేకపోవడం, ఇవన్నీ పనికొస్తాయి. చూపు మాత్రం పనికిరాదు. గండికోట గోడ పొద్దున ఆరింటికి ఎలా ఉందో మధ్యాహ్నానికీ అలాగే ఉంటుంది, వేళ్లు కాలతాయంతే. గల్లీ అలా కాదు. నాలుగింటికి బూట్లకు తొడిగిన క్రాంపాన్ ముళ్లు కిర్రుమని దిగిన మంచు, తొమ్మిదింటికి తొడ దాకా మింగుతుంది. రాయి మీద ఇప్పుడు పట్టు ఎలా ఉందో చూస్తే చాలు. మంచు దగ్గర నిన్నటి పగలు ఏం జరిగిందో, రాత్రి ఏం జరిగిందో, మీరు దిగే గంటకు ఏమవుతుందో మూడూ కలిపి చూడాలి.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేచి బయలుదేరితే చాలు.

సీమలో పొలం పనికి సరిపోయే టైమది. జూన్ మొదట్లో కర్నూలులో సూర్యుడు ఐదు నలభై దాటాక వస్తే, మనాలిలో ఐదుంబావు దాటగానే వచ్చేస్తాడు. అందుకే ముందు ఎండ టైము పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయాలి.

గల్లీ నేల మీద ఎండ ఎప్పుడు పడుతుందన్నది అందరూ చూస్తారు. దానికి ముందే పై గోడలకు, శిఖరపు అంచున వేలాడే మంచు చూరుకు ఎండ తగులుతుంది. రాత్రంతా రాళ్లను పట్టి ఉంచిన మంచు అక్కడ వదులవుతుంది, రాళ్లు రాలతాయి. గల్లీ ఆ రాళ్లన్నిటినీ గరాటులా పోగేసి మీ నెత్తిమీదికే పంపిస్తుంది. కాబట్టి ముందు రోజు శిబిరంలో కూర్చుని, పై గోడకు మొదటి ఎండ ఎప్పుడు తగిలిందో గడియారం చూసి రాసుకోండి.

ఏడింటికి తగిలిందనుకుందాం. అయితే ఏడున్నరకల్లా గల్లీ నోటి బయట, పక్కకు తప్పుకుని ఉండాలి. అదే గల్లీలో దిగడానికి రెండు గంటలు, అంటే ఐదున్నరకు పైన వెనుతిరగాలి. పైన అరగంట, అంటే ఐదింటికి చేరాలి. గల్లీ ఎత్తు 500 మీటర్లు. మైదానం నుంచి వెళ్లినవాళ్లు ఆ ఎత్తులో గంటకు 150 మీటర్లకంటే ఎక్కువ లెక్క వేసుకోకూడదు. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒంటిగంటా నలభైకి గల్లీ మొదట్లో ఉండాలి. శిబిరం నుంచి అక్కడికి రెండు గంటలు. బయలుదేరాల్సింది రాత్రి పదకొండు నలభైకి.

ఇక్కడే అసలు చిక్కు. ఆ వేళకు కింది భాగం ఇంకా గడ్డకట్టి ఉండకపోవచ్చు. గడ్డకట్టే దాకా ఆగితే ఎండలో దిగాలి, ఆగకపోతే మెత్తటి మంచులో ఎక్కాలి. అలాంటప్పుడు తూర్పు చూసే గల్లీ వదిలేసి ఉత్తరం గానీ పడమర గానీ చూసేది వెతుక్కోవడమే దారి. ఎంత గట్టివాడైనా ఈ లెక్కను కాలి బలంతో గెలవలేడు.

అపోహ: మంచు రాయిలా గట్టిగా ఉంటే క్షేమం.

అవలాంచ్ కోణంలో క్షేమమే. జారితే మాత్రం ఇంతకంటే ఘోరం లేదు. 40 డిగ్రీల వాలులో గడ్డకట్టిన మంచు మీద జారిన మనిషి మొదటి ఒకటి రెండు సెకన్లలో ఐస్ యాక్స్‌తో ఆగకపోతే ఇక ఆగడం అనుమానమే. మెత్తటి మంచులో, వెడల్పాటి చిన్న వాలు మీద నేర్చుకున్న సెల్ఫ్ అరెస్ట్‌ను (జారుతున్నప్పుడు యాక్స్ గుచ్చి తనను తాను ఆపుకోవడం) నమ్ముకుని ఇక్కడికి రావద్దు. మధ్యలో ఆధారం ఏదీ వేయకుండా నలుగురు ఒకే రోప్‌కు కట్టుకుని ఎక్కడం ఇంకో పొరపాటు. ఒకడు జారితే నలుగురూ పోతారు. రోప్ కడితే పికెట్లు (ఆధారం కోసం మంచులో దిగ్గొట్టే పొడవాటి లోహపు మేకులు) వేయండి, వేయలేకపోతే రోప్ విప్పేయండి.

గట్టి మంచులో 60 సెంటీమీటర్ల పికెట్‌ను పైవైపుకు కొద్దిగా వాల్చి పూర్తిగా కొట్టాలి. రెండు దెబ్బలకే సర్రున దిగిపోయిందంటే అది మిమ్మల్ని ఆపదు. మెత్తటి మంచులో అడ్డంగా కాలువ తవ్వి, పికెట్‌ను పడుకోబెట్టి పాతి, పికెట్ నడుముకు కట్టిన స్లింగ్ (పట్టీ) బయటికి రావడానికి కిందివైపు సన్నటి గాడి తీయాలి. ఆ గాడి తీయకపోతే స్లింగ్ లాగినప్పుడల్లా పికెట్ పైకి లేస్తుంది. చాలా మంది వదిలేసేది ఈ గాడినే.

అపోహ: ముందు రోజు అడుగులు పడి ఉన్నాయంటే దారి పరీక్షించినట్టే.

నిన్న నలుగురు ఎక్కారని మాత్రమే ఆ అడుగులు చెబుతాయి. తొక్కి అణిచిన మంచు పక్కనున్నదానికంటే ముందు గడ్డకడుతుంది, మెట్లు గట్టిగా ఉంటాయి. మెట్టు పక్కన అరమీటరు దూరంలో యాక్స్ కర్రను గుచ్చి చూడండి, అసలు సంగతి బయటపడుతుంది.

అపోహ: గోడను ఆనుకుని ఎక్కితే రాళ్ల నుంచి రక్షణ.

రాయి పగలంతా వేడెక్కి తన పక్క మంచును కరిగిస్తుంది. గోడకూ మంచుకూ మధ్య సందు ఏర్పడుతుంది, దాని మీద పలచటి కప్పు మిగులుతుంది. నడుము దాకా దిగబడేది అక్కడే. అలాగని నట్టనడుమ నడవమని కాదు. రాళ్లు, నీళ్లు, మంచు ముద్దలు జారి జారి మధ్యలో కాలువ పడి ఉంటుంది. ఆ కాలువకు ఒక పక్కగా, గోడకు రెండు మూడు మీటర్లు ఎడంగా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండే భాగం చూసుకోవాలి. ఆగి నీళ్లు తాగడానికైతే గోడ వంపు ఏదైనా ముందుకు పొడుచుకొచ్చిన చోటే ఆగండి. హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

గల్లీ నోటి దగ్గర విసనకర్రలా పరుచుకున్న, పైనుంచి జారిపడిన మంచు ముద్దలను కూడా చూడండి. అంచులు కరిగి నున్నబడి, మురికి పట్టి ఉంటే పాతవి. తెల్లగా, పదునుగా ఉంటే నిన్నటివి.

అపోహ: మంచు మీద మట్టి రంగు కనిపిస్తే అది పాత మంచు, గట్టిగా ఉంటుంది.

వేసవి గాలులు థార్ ఎడారి దుమ్మును పశ్చిమ హిమాలయాల దాకా మోసుకొస్తాయి. కొత్త మంచు తన మీద పడిన వెలుగులో 80 నుంచి 90 శాతం వెనక్కి కొడుతుంది. దుమ్ము పట్టిన పాత మంచు సగం కూడా కొట్టకపోవచ్చు. మిగతాదంతా కరగడానికే. దుమ్ము ఉన్న గల్లీకి మీ లెక్కలోంచి ఇంకో అరగంట కోసేయండి.

అపోహ: చిన్న చిన్న మంచు ఉండలు దొర్లడం మామూలే.

మామూలే, గోలీకాయంత ఉన్నప్పుడు. పిడికిలంత అయి, దొర్లుతూ చుట్ట చుట్టుకుంటున్నాయంటే పైపొరలో నీరు చేరింది. బూటు చీలమండ దాకా దిగితే వెనుతిరగడం గురించి మాట్లాడుకోవాలి, పిక్కల దాకా దిగితే మాట్లాడుకునే టైము కూడా దాటిపోయింది. మంచు కింద నీళ్ల చప్పుడు వినిపిస్తే ఆ జాగా వదిలి పక్కకు రండి.

అపోహ: గైడ్ ఉన్నాడు, ఇవన్నీ మనకెందుకు?

మంచి గైడ్ ఈ ప్రశ్నలు అడిగితే సంతోషిస్తాడు. రాత్రి మబ్బుందా అన్నా, పెచ్చు ఎంత మందం కట్టింది, ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం? మూడో ప్రశ్నకు గడియారం టైము రావాలి. "పైకి వెళ్లాక చూద్దాం" అన్నది జవాబు కాదు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే అవలాంచ్ హెచ్చరికలు చూడటం మంచిదే, కానీ అవి విశాలమైన ప్రాంతాలకు ఇచ్చేవి. మీ ఎదురుగా ఉన్న ఒక్క గల్లీ సంగతి వాటిలో ఉండదు.

అపోహ: దిగేటప్పుడు కూర్చుని జారితే త్వరగా, సులువుగా అయిపోతుంది.

కాళ్లకు క్రాంపాన్లు ఉండగా జారకండి. ఒక ముల్లు మంచులో తగులుకుంటే చీలమండ విరుగుతుంది. విప్పాక కూడా, కింద చివరి దాకా కంటికి కనిపించాలి, రాళ్లు గానీ సందులు గానీ అడ్డం ఉండకూడదు, మంచు పైన రెండు మూడు అంగుళాలు మాత్రమే మెత్తబడి ఉండాలి. మీతో పాటు మంచు కూడా జారడం మొదలైతే యాక్స్ గుచ్చి పక్కకు తప్పుకుని, ఆ ముద్ద ముందు పోయే దాకా ఆగండి. ఎక్కేటప్పుడు చూడని గల్లీలో మాత్రం నడిచే దిగండి.