కోట సున్నపురాయి శిలాజాలు: దయచేసి యాసిడ్ పోయకండి

ప్రాణహిత నది ఒడ్డున, కోట అనే ఊరి పేరుతో పిలిచే డైనోసార్ల కాలపు సున్నపురాయి పొర ఉంది. అక్కడి ఊళ్ల నుంచి శిలాజమా కాదా అని, శిలాజాలు పరిశీలించే మాకు పంపే ఫోటోల్లో చాలా రాళ్లు అప్పటికే కడిగేసి ఉంటున్నాయి. యాసిడ్ పోస్తే రాయి కరిగి ఎముక బయటపడుతుందన్న పుకారు ఎవరు లేపారో గానీ, అన్నిటికన్నా ఎక్కువ నష్టం దాంతోనే.

బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. సున్నపురాయిని బుసబుసా పొంగించి కరిగిస్తుంది, నిజమే. కానీ ఎముక, చేప పొలుసు కాల్షియం ఫాస్ఫేటు కాబట్టి వాటినీ తినేస్తుంది. ముందు పోయేవి పలుచటివే: రెక్క ముళ్లు, దవడ, పుర్రె ముక్కలు. ల్యాబులో 5–10 శాతం ఎసిటిక్ యాసిడ్ వాడతారు. అదీ ఎముక కరగకుండా కాల్షియం ఫాస్ఫేటు కలిపి. బయటపడ్డ ఎముకకు పారలాయిడ్ బి-72 అనే రక్షణ పూత పూసి, ఆరాక మళ్లీ ముంచుతారు. మధ్యలో రోజుల తరబడి నీళ్లలో నానబెడతారు. అది తప్పితే లోపల మిగిలిన లవణం గడ్డకట్టి ఎముకను చీలుస్తుంది.

యామన్‌పల్లి దగ్గర దొరికి, 1988లో పేరు పెట్టిన కోటసారస్ అనే డైనోసార్‌నే తీసుకోండి. కనీసం 12 జంతువుల ఎముకలున్నా, పళ్లు తప్ప తల దొరకలేదు. మీరు పారేసే రేకులాంటి ముక్క పుర్రెది కావచ్చు, అందుకే అది మాకు తొడ ఎముక కన్నా ముఖ్యం.

కనిపిస్తే కదపకండి. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి దగ్గర్నించి ఒకటి, దూరం నుంచి ఒకటి ఫోటో తీయండి. ఫోన్ లొకేషన్ రాసుకోండి. సున్నపురాయిలో ఉందా, దాని కింది బంకమట్టిలో ఉందా చూడండి. మట్టి కప్పి, హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) ఆఫీసుకు తెలపండి. ఇప్పటికే తీసి ఉంటే పొడి న్యూస్ పేపర్లో చుట్టండి. జిగురు, వార్నిష్ వద్దు.

పొలం పోతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. శిలాజం దొరికినంత మాత్రాన పట్టా రద్దు కాదు. భూమి సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్, పరిహారం తప్పనిసరి.

ఇక మిగతా అపోహలు. గుండ్రటి రాళ్లన్నీ డైనోసార్ గుడ్లు కావు. చేప శిలాజాలున్నాయి కదా అని ఈ సున్నపురాయి ఏర్పడిన చోటు సముద్రం కాదు, ప్రధానంగా మంచినీటి సరస్సు. పగులు మీద నల్లటి ఆకు బొమ్మ మాంగనీసు మరక. గోరుతో తడిమితే మందం తగలదు, నడిమి ఈనె కనిపించదు. అసలు చేప పొలుసు మందంగా, నిగనిగలాడుతూ, డైమండ్ ఆకారంలో ఉంటుంది. వరుసగా పేర్చినట్టు అంచుకు అంచు ఆనుకుని కనిపిస్తుంది.