వయసు పట్టించిన జన్యువు

ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1866లో తన భార్య పుట్టింటి వంశవృక్షాన్ని ప్రచురించాడు. అందులో తరం తర్వాత తరం ఆడవాళ్లు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. లక్షణాలు తరతరాలకు ఎలా అందుతాయో చెబుతూ బఠాణీ మొక్కల మీద మెండెల్ రాసిన వ్యాసం అచ్చయిందీ ఆ ఏడే. ఆ రెంటినీ కలిపి చదివినవారు అప్పట్లో లేరు.

దాదాపు వందేళ్ల తర్వాత అమెరికా వైద్యుడు హెన్రీ లించ్ రొమ్ము, అండాశయ క్యాన్సర్లు కొన్ని కుటుంబాల్లో కలిసి వస్తున్నాయన్నాడు. చాలామంది నమ్మలేదు. వారి సందేహమూ తీసిపారేయదగింది కాదు: ఇంత సాధారణమైన జబ్బు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కాకతాళీయంగానూ రావచ్చు.

చిక్కు విప్పింది వయసు. అమెరికాలోని బర్కిలీలో జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 23 కుటుంబాలను పరిశీలించింది. అన్నిటినీ ఒకే రాశిగా పోస్తే ఏమీ తేలలేదు. జబ్బు బయటపడిన సగటు వయసు ప్రకారం వరసలో పేర్చినప్పుడు, చిన్న వయసులోనే జబ్బు వచ్చిన కుటుంబాల్లో కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందనడానికి స్పష్టమైన ఆధారం దొరికింది. అది 1990. నాలుగేళ్లకు అమెరికాలోని యూటాలో మార్క్ స్కోల్నిక్ బృందం ఆ జన్యువును, అంటే బీఆర్‌సీఏ1ను పట్టుకుంది. 1995లో బ్రిటన్‌లో మైఖేల్ స్ట్రాటన్ బృందం 13వ క్రోమోజోము మీది బీఆర్‌సీఏ2ను గుర్తించింది.

‘ఆమెకు బీఆర్‌సీఏ ఉంది’ అంటుంటారు. ఆ జన్యువులు అందరికీ ఉంటాయి. తెగిన డీఎన్ఏను అతికించడం వాటి పని. ప్రమాదం వాటిలోని లోపంతోనే. తల్లికో తండ్రికో లోపముంటే బిడ్డకు అది సంక్రమించే అవకాశం సగం. తండ్రి నుంచీ వస్తుంది, అయినా కుటుంబ చరిత్ర అడిగినప్పుడు మేనత్తల సంగతి చెప్పడం చాలామంది మరిచిపోతారు. 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఈ లోపమున్న స్త్రీలలో సుమారు 70 శాతం మందికి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అలాగని రొమ్ము క్యాన్సర్లన్నీ వంశపారంపర్యం కావు, 5 నుంచి 10 శాతమే.

ఈలోగా మిరియడ్ సంస్థ ఈ జన్యువుల మీద పేటెంట్లు తీసుకోవడంతో అమెరికాలో పరీక్ష ఏళ్ల తరబడి ఒకరి గుత్తసొత్తయింది. ప్రకృతిలో ఉన్న డీఎన్ఏకు పేటెంటు చెల్లదని 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

బీఆర్‌సీఏ లోపంతో డీఎన్ఏ మరమ్మతు చేతకాని కణాల్లో పార్ప్ అనే మరో మరమ్మతు ఎంజైమును అడ్డుకుంటే అవి చనిపోతాయని 2005లో ప్రయోగశాలల్లో తేలింది. ఆ సూత్రంతో వచ్చిన ఒలాపరిబ్ మందును, ఈ లోపమున్న తొలిదశ రొమ్ము క్యాన్సర్ రోగుల్లో తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న కొందరికి శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగిశాక వాడేందుకు అమెరికా 2022లో అనుమతించింది.