21 అనే అంకె చేసిన పని: ఫర్మ్‌వేర్ మాటను కెర్నల్ ఎందుకు అనుమానిస్తుంది

సీఎక్స్ఎల్ మెమరీ (ప్రాసెసర్‌కు బయటి లింకు ద్వారా తగిలించే అదనపు మెమరీ) సర్వర్లలోకి వస్తున్న కొద్దీ పాత పేచీ మళ్లీ లేచింది. ఏ మెమరీ దగ్గర, ఏది దూరం, ఏది ఎంత వేగం అని బయోస్ (బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్) చెప్పే లెక్కను నమ్మి లినక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె, తనంతట తానే పేజీలు (మెమరీ ముక్కలు) సర్దేయాలా, లేక ఆ పని సర్వర్ చూసుకునే మనిషికే వదలాలా? ఒక్కో ప్రాసెసర్‌కు కొంత మెమరీ దగ్గరగా, మిగతాది దూరంగా ఉండే ఏర్పాటును నూమా అంటారు, అలాంటి ఒక్కో గుంపు ఒక నోడ్; అంతకు మించి ఇక్కడ చెప్పను. నేరుగా స్లిట్ టేబుల్ (నోడ్ల మధ్య దూరాలు చెప్పే ఫర్మ్‌వేర్ పట్టిక) దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే నా దృష్టిలో కథంతా అక్కడే ఉంది.

స్లిట్‌లో రెండు నోడ్ల మధ్య దూరానికి ఒక్క బైటు అంకె ఉంటుంది. సొంత మెమరీకి 10, దానికి రెట్టింపు భారమైతే 20. నానోసెకన్లు కాదు, ఉత్త పోలిక. అయినా కెర్నల్ దాని మీద ఒక గీత గీసుకుంది: దూరం 20 దాటితే జోన్ రిక్లెయిమ్ దానంతటదే ఆన్ అయ్యేది, అంటే పక్క నోడ్‌లో బోలెడంత ఖాళీ ఉన్నా అటు పోకుండా సొంత నోడ్‌లోని ఫైల్ క్యాష్‌ను (డిస్కు నుంచి చదివి మెమరీలో దాచుకున్న డేటాను) ఖాళీ చేసుకునేది. భారీ నూమా యంత్రాలకు అది సబబే. తర్వాత మామూలు రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్లు పట్టే) ఇంటెల్ జియాన్ బోర్డులొచ్చాయి, వాటిలో కొన్నిటి ఫర్మ్‌వేర్ 21 అని రాసింది. ఒక్క అంకె ఎక్కువ, అంతే! మెయిల్ సర్వర్లు, డేటాబేస్‌లు మెమరీ ఉండగానే డిస్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

2011లో గీతను 30కి జరిపారు. 2014లో, 3.16 వెర్షన్‌కి, కెర్నల్ డెవలపర్ మెల్ గోర్మన్ ఆ ఆటోమేటిక్ స్విచ్‌నే తీసేశారు. ఆయన వాదన సూటిగా ఉంది: నూమా యంత్రాలు అందరి దగ్గరా ఉన్నాయి, వాటికి తగ్గట్టు రాసిన ప్రోగ్రాములు తక్కువ, దెబ్బ తినేవాళ్లు ఎక్కువ, దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపెట్టగలిగేవాళ్లు కొందరే.

అక్కడితో అయిపోలేదు. అదే 30 గీతను షెడ్యూలర్ (ఏ పని ఏ ప్రాసెసర్‌కి ఇవ్వాలో తేల్చే కెర్నల్ భాగం) కూడా వాడుకుంటోంది. ఏఎమ్‌డీ సర్వర్ ప్రాసెసర్ ఎపిక్‌లో అవతలి సాకెట్ దూరం 32 అని వచ్చేసరికి అది పనిని అటువైపు సరిగా పంచడం మానేసింది. 2019లో ఆ ప్రాసెసర్ల కోసం ప్రత్యేకంగా గీతను 32కి మార్చాల్సి వచ్చింది.

ఫర్మ్‌వేర్‌ను నమ్మమనే అవతలి వర్గం మాట: స్లిట్ పాతది, 2017లో ఏసీపీఐ 6.2తో (ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడుకునే ప్రమాణం) వచ్చిన హెచ్‌మ్యాట్ అనే కొత్త పట్టికలో చదవడానికి, రాయడానికి పట్టే సమయం, బ్యాండ్‌విడ్త్ అసలు కొలతల్లోనే ఉంటాయి. నిజమే, 5.2 వెర్షన్ నుంచి కెర్నల్ వాటిని చదువుతోంది కూడా. కాకపోతే మొదటి రివిజన్‌లో లేటెన్సీ (పట్టే సమయం) కొలత ఒకలా ఉంటే రెండోదానికల్లా పికోసెకన్లు అయింది. ఇంకో సంగతి, ఈ అంకెలతో మెమరీని అంతస్తులుగా విడగొట్టే కోడ్‌లోనే ఒక కాపలా పెట్టారు: ఒక డీర్యామ్ (మామూలు మెమరీ) నోడ్ లెక్క ఇంకో డీర్యామ్ నోడ్ లెక్కకు పదో వంతు కంటే ఎక్కువ తేడాగా వస్తే, ఆ లెక్కింపునే ఆపేస్తుంది. నమ్మేవాళ్లే రాసిన కోడ్ మరి.

ఇప్పటి గొడవ ఇంటర్‌లీవ్ బరువుల దగ్గర, అంటే పేజీలను నోడ్ల మధ్య ఏ నిష్పత్తిలో పంచాలో చెప్పే అంకెల దగ్గర, ఆగింది. కెర్నల్ 6.9లో అవి చేత్తో రాసేవే, రాయకపోతే అన్నీ 1. 6.16లో ఫర్మ్‌వేర్ చెప్పిన బ్యాండ్‌విడ్త్‌ను బట్టి కెర్నల్ తానే లెక్కకట్టే ఆటో పద్ధతి వచ్చింది. అయితే ఏ ఒక్క నోడ్‌కైనా చేత్తో ఒక అంకె రాస్తే చాలు, ఆటో ఆగిపోతుంది.