జిల్లోలో మాయమైన వరద స్కోరు: గొడవ మొదలైంది కేటీ వీధుల్లో

అమెరికాలో ఇల్లు వెతుక్కునే మనవాళ్లకు జిల్లో యాప్ గురించి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు నుంచి అందులో ధర, స్కూలు రేటింగుతో పాటు ఆ ఇంటికి వరద ముప్పు ఎంతో చెప్పే స్కోరు కూడా కనిపించేది. ఇళ్లు అమ్మేవాళ్లు, ఏజెంట్ల ఫిర్యాదుల తర్వాత 2025 నవంబరులో పది లక్షలకు పైగా లిస్టింగుల నుంచి దాన్ని తీసేశారు. ఆ స్కోరు ఎంతవరకు నమ్మొచ్చన్న వాదన దాంతో మళ్లీ రాజుకుంది. అది అర్థం కావాలంటే హ్యూస్టన్ పడమటి శివార్లకు, తెలుగు కుటుంబాలు చాలా ఉన్న కేటీ వైపుకు వెళ్లాలి.

1968లో ఫెడరల్ ప్రభుత్వం వరద బీమా పెట్టింది, ఆ తర్వాత 'నూరేళ్ల వరద' వస్తే ఎక్కడిదాకా మునుగుతుందో మ్యాపుల మీద గీత గీసింది. 'నూరేళ్ల వరద' అంటే నూరేళ్లకోసారి వస్తుందని చాలామంది అనుకున్నారు. నిజానికి అది ఏటా నూటికి ఒక వంతు అవకాశం. 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు అది నూటికి 26 అవుతుంది. అయినా ఇల్లు ఆ గీతకు బయట ఉంటే బ్యాంకు వరద బీమా అడగదు. 'ఫ్లడ్ జోన్‌లో లేదండీ' అని ఏజెంటు ఒక్క మాటంటే కొనేవాళ్లకు టెన్షన్ తీరిపోయేది.

2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చింది. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆ గీతకు బయట ఉన్నవే. కేటీ దగ్గరి బార్కర్ రిజర్వాయర్ వెనక ఇళ్లది మరీ విడ్డూరం. రిజర్వాయర్ అంటారు గానీ మామూలు రోజుల్లో అక్కడ నీళ్లుండవు. చెట్లు, పార్కులు, సాకర్ మైదానాలు. 1940ల్లో కట్టిన ఆ మట్టికట్ట వెనక నీళ్లు ఎంతవరకు ఎక్కగలవో అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. మిగిలిన చోట కాలనీలు లేచాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని కాలనీల ప్లాట్ మ్యాపుల మీద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఈ కాలనీ బార్కర్ రిజర్వాయర్ పక్కన ఉంది, ప్రభుత్వ ఆర్మీ ఇంజనీర్ల అదుపులో ఇక్కడ నీళ్లు చాలాకాలం నిలిచే అవకాశం ఉంది అని. ఇల్లు చేతికొచ్చే క్లోజింగ్ రోజున బొత్తికి బొత్తి కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్లలో దాన్ని చూసినవాళ్లెందరు? కట్ట వెనక మునిగిన ఇళ్లకు ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు తేల్చింది.

ఆ ఏడాదే టెక్సాస్, అమ్మేవాళ్లు వరద చరిత్ర చెప్పి తీరాలని చట్టాన్ని బిగించింది. ఫ్లోరిడాకు అలాంటి చట్టం 2024 అక్టోబరులో గానీ రాలేదు.

2020లో ఫస్ట్ స్ట్రీట్ అనే సంస్థ ఇంటింటికీ లెక్కగట్టి స్కోరు ఇచ్చింది. జిల్లోలో కనిపించిన స్కోరు దీనిదే. ప్రభుత్వ మ్యాపుల ప్రకారం దేశమంతటా ముప్పున్న ఆస్తులు 87 లక్షలు, వాళ్ల లెక్కలో కోటీ 46 లక్షలు. గట్టి వాన, పెరిగే సముద్రం రెండూ అందులో ఉన్నాయి. ప్రభుత్వ మ్యాపుల్లో రాబోయే సముద్ర మట్టానికి చోటు లేదు. గాల్వెస్టన్ తీరంలోనేమో నేల కుంగడంతో కలిపి నీటిమట్టం ఏటా ఆరు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతూ వచ్చింది.

రెడ్‌ఫిన్ యాప్ కోటీ 75 లక్షల మంది వాడకందారుల మీద ఒక ప్రయోగం చేసింది. సగం మందికి స్కోరు చూపించింది, సగం మందికి చూపించలేదు. ఎక్కువ ముప్పున్న ఇళ్లు చూస్తున్నవాళ్లు స్కోరు కనపడ్డాక తక్కువ ముప్పున్న ఇళ్లకు ఆఫర్లు పెట్టారు. నా లెక్కలో అసలు గొడవ ఇక్కడుంది. ఎవరికీ పట్టని స్కోరైతే దాన్ని తీసేయమని ఎవరడుగుతారు?

అమ్మేవాళ్లు చెప్పేదీ ఉంది. ఒక్కో సంస్థ మోడల్ ఒక్కో మాట చెబుతుంది, తప్పు పడితే సరిచేయించుకునే దారి సులువు కాదు, బేరం మాత్రం పోతుంది. కాలిఫోర్నియాలో లిస్టింగులు నడిపే సంస్థ అయితే, 40, 50 ఏళ్లుగా మునగని పేటలో రాబోయే ఐదేళ్లలో మునగడం జరగకపోవచ్చని వాదించింది. కేటీలో చాలామంది 2017 దాకా సరిగ్గా ఇదే అనుకున్నారు.

జిల్లో ఇప్పుడు స్కోరు బదులు ఫస్ట్ స్ట్రీట్ సైటుకు లింకు ఇస్తోంది. కావాలనుకున్నవాళ్లు నొక్కి చూసుకోవచ్చు. ఫోర్ట్ బెండ్‌లో ఆ వాక్యాన్నీ ఎవరూ దాచిపెట్టలేదు, వెతుక్కున్నవాళ్లకు కౌంటీ రికార్డుల్లో కనిపించేది.