లైట్లు ఆర్పడంతో మొదలుపెట్టి గ్రిడ్ కొనేదాకా వెళ్లారు: పాత గొడవ వెనక కథ

మళ్లీ అదే గొడవ. ఎవరో ఇంటిమీద సోలార్ పెట్టించామనో, కారు వాడకం తగ్గించామనో రాస్తారు. కింద ఇంకొకరు వచ్చి "కాలుష్యమంతా వంద కంపెనీలది, మీరు లైట్లు ఆర్పితే ఒరిగేదేంటి" అంటారు. మూడో మనిషి "ముందు నీ ఇంట్లో ఏసీ కట్టేసి మాట్లాడు" అని తగులుకుంటాడు. ఒక్కో మనిషి వాడకం వల్ల ఎంత కర్బనం గాల్లో కలుస్తుందో చెప్పే కార్బన్ ఫుట్‌ప్రింట్ లెక్కను 2000ల మధ్యలో బీపీ అనే చమురు కంపెనీ తన ప్రచారంతో ఇంటింటికీ చేర్చిన సంగతి ఈపాటికి అందరూ చదివే ఉంటారు, దాని జోలికి పోను. ఈ గొడవకి అసలు మలుపు అది కాదని నా అభిప్రాయం. అంతకు చాలా ముందే, జర్మనీలో ఒక చిన్న ఊళ్లో వచ్చింది ఆ మలుపు.

ఊరి పేరు షోనౌ. బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో ఉంటుంది, జనాభా రెండున్నర వేలు. 1986లో సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగాక రేడియోధార్మిక ధూళి వానతోపాటు అక్కడిదాకా వచ్చి పడింది. ఊళ్లో కొందరు తల్లిదండ్రులు ఒక బృందంగా చేరారు. వాళ్లలో ఊర్సులా స్లాడెక్, డాక్టరైన ఆమె భర్త ముందుండి నడిపించారు. మొదట వాళ్లు చేసింది అచ్చంగా ఇంటి పనే. అణు కరెంటు వద్దనుకుంటే ముందు మనం తక్కువ వాడదామని ఊళ్లో కరెంటు పొదుపు పోటీలు పెట్టారు.

చిక్కు బిల్లు దగ్గర వచ్చింది. ఫిక్స్‌డ్ ఛార్జీ ఎక్కువగా, యూనిట్ ధర తక్కువగా ఉన్నచోట ఎంత పొదుపు చేసినా బిల్లు పెద్దగా తగ్గదు, ఎక్కువ వాడేవాళ్లకే లాభం. పొదుపు చేసేవాళ్లకి గిట్టుబాటయ్యేలా రేట్లు మార్చమని అడిగితే అక్కడి కరెంటు కంపెనీ కుదరదంది. పైగా ఊరితో ఉన్న ఒప్పందం గడువు తీరకముందే ఇంకో 20 ఏళ్లకు పొడిగిస్తే లక్ష మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ) ఇస్తామని మున్సిపాలిటీకి ఆశ చూపింది. అంత డబ్బూ మేమే ఇస్తాం, తొందరపడకండి అని జనం చందాలు పోగుచేశారు. కౌన్సిల్ మాత్రం కంపెనీ వైపే మొగ్గింది. ఇక ఓటింగ్ తప్పలేదు. కంపెనీతో ఒప్పందం పొడిగించాలా వద్దా అని 1991లో ఒకసారి, ఊరివాళ్లు పెట్టుకున్న సంస్థకే గ్రిడ్ (కరెంటుని ఇళ్లకు చేర్చే తీగల వ్యవస్థ) అప్పగించాలా అని 1996లో రెండోసారి ఊరంతా ఓటేసింది. రెండోసారి నెగ్గింది 52 శాతం పైచిలుకుతో, అంటే దాదాపు సగం ఊరు వద్దన్నా సరే. గ్రిడ్‌కి కంపెనీ అడిగిన ధర 87 లక్షల మార్కులు. ఊరివాళ్లు వేయించుకున్న అంచనా అందులో సగం కూడా లేదు. అయినా దేశమంతా విరాళాలు అడిగి, 1997లో తీగలతో సహా గ్రిడ్‌ని చేతికి తెచ్చుకున్నారు. తర్వాత ఆ సంస్థ లక్షకు పైగా కనెక్షన్లకు పెరిగింది.

ఈ గొడవలో ఇంటి పొదుపూ కావాలి, రాజకీయమూ కావాలి అనే పక్షం నేను తీసుకుంటున్నానంటే కారణం ఇదే. వాళ్లు పొదుపుతో ఆగి ఉంటే మనం వాళ్ల పేరు కూడా వినేవాళ్లం కాదు. అలాగని పొదుపు చేయకుండా నేరుగా రాజకీయాల్లోకి దిగి ఉంటే, రేట్ల పట్టికలో ఎక్కడ మెలిక ఉందో వాళ్లకి తెలిసేదే కాదేమో. 2000లో జర్మనీ తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం వెనక ఇలాంటి ఊళ్ల ఒత్తిడి ఉంది. సోలార్ కరెంటుని 20 ఏళ్లపాటు ఖాయమైన ధరకు గ్రిడ్ కొనాలంది ఆ చట్టం. ఆ గిరాకీ చూసి ఫ్యాక్టరీలు పెరిగాయి, ఉత్పత్తి పెరిగేకొద్దీ ధర దిగింది. 2010 నుంచి 2019 మధ్య సోలార్ ఖర్చు 85 శాతం తగ్గిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క. ఇవాళ ఇంటిమీద ప్యానెల్ పెట్టుకుని "ఇది నా సొంత నిర్ణయం" అనుకునేవాళ్లు నిజానికి ఆ చట్టం ఫలితం అనుభవిస్తున్నారు.

అవతలి వాదనలో పస లేదని కాదు. 2020లో ప్రపంచం సగం ఇళ్లకే పరిమితమైనా కర్బన ఉద్గారాలు తగ్గింది దాదాపు 5 శాతమే, మరుసటి ఏడాది ఇంచుమించు మళ్లీ పెరిగిపోయాయి. 2017లో వచ్చిన ఒక పరిశోధన ఇంకాస్త ఇబ్బందికరమైనది. జపాన్‌లో జనాన్ని ఇంట్లో చేసిన పొదుపు పనులు గుర్తుచేసుకోమని అడిగితే, ఆ తర్వాత కార్బన్ పన్నుకి, అంటే కర్బన ఉద్గారాల మీద వేసే పన్నుకి, వాళ్ల మద్దతు తగ్గింది. మా వంతు అయిపోయింది అనిపించడమే దానికి కారణమని తేల్చారు. నేను ఒప్పుకుంటాను, కానీ షోనౌలో జరిగింది దీనికి తలకిందులు. మా వంతు చేసినా సరిపోలేదని వాళ్లకి మీటరే చెప్పింది.

ఉద్గారాల్లో 71 శాతం వంద కంపెనీలదే అన్న అంకె గురించి కూడా ఒక మాట. అది 1988 నుంచి వెలువడిన పారిశ్రామిక ఉద్గారాల లెక్క. అందులో సింహభాగం ఆ కంపెనీలు అమ్మిన బొగ్గు, చమురు, గ్యాస్ కొన్నవాళ్లు కాల్చినప్పుడు వచ్చిందే. అమ్మేవాళ్లని వదలమని కాదు గానీ, కొనేవాళ్లని పూర్తిగా పక్కనపెట్టి ఆ అంకె చెబితే సగం కథే అవుతుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి తీసేసి కరెంటు పొయ్యి పెట్టామనుకోండి, గ్రిడ్ బొగ్గుమీద నడిస్తే లాభం కొంతే. అదే గ్రిడ్‌లో గాలి, సౌర విద్యుత్ పెరిగేకొద్దీ ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చేయకుండానే ఆ పొయ్యి ఉద్గారాలు తగ్గుతూపోతాయి.

ఇప్పటి తగువుకి వస్తే, అది చాలాచోట్ల నెట్ మీటరింగ్ చుట్టూ తిరుగుతోంది. ఇంటిమీద తయారై మిగిలిన కరెంటుని గ్రిడ్ ఏ రేటుకు తీసుకోవాలన్నదే పేచీ. అమెరికాలో నెవాడా రాష్ట్రం 2015 డిసెంబరులో ఆ రేటుని తగ్గించేసింది, అప్పటికే ప్యానెల్స్ పెట్టుకున్నవాళ్లకి కూడా కలిపి. అంతవరకూ తమ బిల్లు తాము చూసుకున్నవాళ్లు రోడ్డెక్కారు. 2016లో పాత వినియోగదారులకు పాత రేటు తిరిగొచ్చింది, 2017లో చట్టసభ కొత్తవాళ్లకీ నెట్ మీటరింగ్‌ని మళ్లీ తెచ్చింది, కాస్త తక్కువ రేటుతో. ప్యానెల్స్ ఉన్నవాళ్లు బిల్లు తక్కువ కడితే సొంత పైకప్పు లేని అద్దెవాళ్లమీద గ్రిడ్ ఖర్చు ఎక్కువ పడుతుందని కరెంటు కంపెనీలు అప్పుడూ అన్నాయి, ఇప్పుడూ అంటున్నాయి. ఆ మాటలో కొంత నిజం ఉంది, దానికి సరైన జవాబు ప్యానెల్స్ పెట్టుకున్నవాళ్ల దగ్గర నుంచి ఇంకా రాలేదు.