ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు, బ్యాంకాక్ టికెట్: మన పిల్లలు స్కామ్ కంపెనీల్లోకి ఎలా పోయారు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు "ఏజెంట్ మోసం చేసిండు" అంటే ఇన్నేళ్లూ గల్ఫ్ మోసమే. విజిట్ వీసా మీద దుబాయ్ ఎక్కించడం, ఎవరి దగ్గరైనా పనిచేసుకోవచ్చని చెప్పే "ఆజాద్ వీసా" పేరుతో లక్షలు గుంజడం, దిగీదిగగానే పాస్‌పోర్టు లాక్కోవడం, ఇవన్నీ మన ఊళ్లు పడిన కష్టాలే. ఇప్పుడు కరీంనగర్, వరంగల్‌లలో డిగ్రీ, బీటెక్ చేసిన పిల్లలు "డేటా ఎంట్రీ జాబ్" అంటే నమ్మి కంబోడియాకో బ్యాంకాక్‌కో పోతున్నారు, అక్కడ కాపలా మధ్య కూర్చొని మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేసి డబ్బు కాజేసే పని నెత్తిన పడుతోంది. 2024లో సిరిసిల్ల జిల్లా యువకుడొకరు కంబోడియాలో చిక్కుకున్న కేసుతో ఇది మన దాకా వచ్చిందని చాలామందికి తెలిసింది.

ముందు పాస్‌పోర్టు సంగతి చూద్దాం, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. 1983 వలస చట్టాన్ని ముఖ్యంగా గల్ఫ్‌కు పోయే కూలీలను దృష్టిలో పెట్టుకుని చేశారు. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు, వాళ్లు 18 దేశాల్లో ఉద్యోగానికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఈసీఎన్ఆర్, అంటే ఆ తనిఖీ అక్కర్లేని పాస్‌పోర్టు, ఇక అడిగేవాళ్లు లేరు. కంబోడియా, లావోస్, మయన్మార్ అసలు ఆ 18 దేశాల్లోనే లేవు. థాయ్‌లాండ్ ఉంది గానీ, 2023 నవంబరులో మనవాళ్లు టూరిస్టుగా వీసా లేకుండానే అక్కడ దిగే వీలు వచ్చింది. చదువుకున్నవాడు మోసపోడు అన్న నమ్మకం మీద కట్టిన తనిఖీ ఇది. ఏజెంట్లకు ఆ సందు బాగా తెలుసు.

అవతలి వైపు ఏం జరిగిందంటే, కంబోడియాలోని సిహనూక్‌విల్ నిండా ఆన్‌లైన్ జూదం నడిపే క్యాసినోలు ఉండేవి. 2019 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించింది, వెంటనే కోవిడ్ వచ్చింది, ఖాళీ అయిన భవనాల్లో స్కామ్ వ్యాపారం దిగింది. మయన్మార్‌లో 2021 సైనిక తిరుగుబాటు తర్వాత థాయ్ సరిహద్దులోని మ్యావడీ దగ్గర సాయుధ ముఠాల నీడలో కేకే పార్క్ లాంటి స్కామ్ కేంద్రాలు పెరిగాయి. దారి కూడా చెప్తాను: బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు నుంచి కారులో థాయ్ సరిహద్దు ఊరు మే సోట్, అక్కడ మోయి నది దాటించి మయన్మార్‌లో దింపుతారు, దాటాక పాస్‌పోర్టు ఉండదు, వదలాలంటే వేల డాలర్లు కట్టమంటారు, టార్గెట్ చేయకపోతే కొడతారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో వేసిన అంచనా ప్రకారం ఇలా మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఉన్నారు.

మరి అంతర్జాతీయ చట్టం ఏం చేస్తోంది? 1949 ఒప్పందం దాకా మనుషుల అక్రమ రవాణా అంటే వ్యభిచారంలోకి దింపడమే. 2000లో వచ్చిన పలెర్మో ప్రోటోకాల్ అనే ఐక్యరాజ్యసమితి ఒప్పందంతోనే వెట్టిచాకిరీ, బానిసత్వం కూడా ఆ నిర్వచనంలోకి వచ్చాయి, మోసంతో తీసుకుపోతే బాధితుడు "ఒప్పుకున్నాడు" అన్న వాదన చెల్లదని కూడా అందులో రాశారు. భారత్ 2011లో దాన్ని ఆమోదించింది. థాయ్‌లాండ్, కంబోడియా, మయన్మార్ కూడా అందులో ఉన్నాయి. కానీ ఆ ఒప్పందానికి సొంత కోర్టు లేదు, పోలీసులు లేరు, ఒక దేశం అడిగితే ఇంకో దేశం సాయం చేయాలి, అంతే. మ్యావడీలో ఆ సాయం చేయాల్సిన ప్రభుత్వం మాటే సరిగ్గా చెల్లదు.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉంది కదా అంటారు. ఎక్కువమందికి తెలియని విషయం ఏంటంటే, ఆ కోర్టు ఆలోచనను 1989లో ఐక్యరాజ్యసమితిలో మళ్లీ కదిలించింది ట్రినిడాడ్ అండ్ టొబాగో అనే చిన్న దేశం, అదీ డ్రగ్స్ ముఠాలను తట్టుకోలేక. తీరా 1998లో రోమ్ ఒప్పందం వచ్చేసరికి డ్రగ్స్ రవాణాను పక్కన పెట్టేశారు, యుద్ధ నేరాలు, జాతి నిర్మూలన, మానవత్వంపై నేరాలు మాత్రం లోపలికొచ్చాయి. బానిసత్వం మానవత్వంపై నేరాల్లో ఉంది నిజమే, కానీ పౌరులపై విస్తృతమైన లేదా పద్ధతి ప్రకారం జరిగిన దాడిలో భాగమని రుజువు చేయాలి. పైగా భారత్, మయన్మార్ రెండూ ఆ ఒప్పందంలో చేరలేదు. అడిగిన దేశం గోడునే వదిలేసిన ఒప్పందం మీద మన సిరిసిల్ల తల్లిదండ్రులు ఆశ పెట్టుకోవడం కష్టం.

అందుకే కేసు బరువంతా ఇక్కడి పోలీస్ స్టేషన్ మీదే పడుతుంది. 2025 మార్చిలో ఈ స్కామ్ కేంద్రాల నుంచి బయటపడిన 549 మందిని వైమానిక దళ విమానాల్లో రెండు రోజుల్లో తెచ్చారు, వాళ్లలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. ఇలా తిరిగొచ్చిన పిల్లవాడు బాధితుడా, నిందితుడా? కొట్టి చేయించిన పనికి వాడిని ముద్దాయిని చేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అలాగని అక్కడ జీతం, కమీషన్ చూసి మనవాళ్లనే పిలిపించుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లను ఇందులో కలపకూడదు, ఆ తేడా దర్యాప్తే తేల్చాలి.

ఏజెంట్ మీద చీటింగ్ సెక్షన్ ఒక్కటే పెడితే ఆ పిల్లవాడు రికార్డులో డబ్బు పోగొట్టుకున్నవాడిగానే మిగిలిపోతాడు. భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా గురించే, మోసం చేసి తీసుకుపోవడం అందులో స్పష్టంగా ఉంది, బాధితుడి సమ్మతి లెక్కలోకి రాదని కూడా ఉంది, శిక్ష ఏడేళ్లకు తగ్గదు, ఒకరికంటే ఎక్కువ మందిని పంపితే పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా. స్టేషన్‌కు పోయే తల్లిదండ్రులు ఏజెంట్‌కు పంపిన ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ చాట్, టికెట్ కాపీ పట్టుకుపోయి ఆ సెక్షన్ పెట్టమని అడగాలి, రేపు ఇంకో ఊరి సైబర్ పోలీసులు ఆ పిల్లవాడి నంబర్ పట్టుకుని వస్తే చూపించడానికి చేతిలో ఉండేది ఆ ఎఫ్ఐఆరే.