తలనొప్పి రాని మైగ్రేన్

కళ్లు తిరుగుతున్నాయంటే మన ఇళ్లలో ముందు బీపీ చూస్తారు, రక్తం తక్కువేమో అంటారు, ఆపైన మెడకు ఎక్స్‌రే తీయిస్తారు. నడివయసు దాటినవారి మెడ ఎముకల్లో ఎంతో కొంత అరుగుదల కనిపించడం మామూలే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. మెడకు పట్టీ వస్తుంది, తల తిరగడం మాత్రం ఆగదు. మైగ్రేన్‌ను అనుమానించేవారు అరుదు.

మైగ్రేన్ అంటే తలనొప్పే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నొప్పి దాని రూపాల్లో ఒకటి మాత్రమే, తల తిరగడం మరొకటి. శరీరం తూలకుండా చూసే సమాచారాన్ని లోపలి చెవి మెదడు కాండానికి పంపుతుంది. తలనొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి కూడా అక్కడికే చేరుతుంది. ఈ రెండు దారుల మధ్య లంకెలున్నాయి. ఒకటి రేగినప్పుడు రెండోది ఎలా కదులుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

వెస్టిబ్యులర్ మైగ్రేన్ అనే ఈ జబ్బును గుర్తించడానికి బరానీ సొసైటీ (తల తిరుగుడు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం), అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి 2012లో ప్రమాణాలు ప్రకటించాయి. 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా ఉండే తల తిరుగుడు కనీసం 5 సార్లు వచ్చి ఉండాలి. ఇప్పుడో గతంలోనో మైగ్రేన్ ఉండి ఉండాలి. కనీసం సగం సార్లు మైగ్రేన్ తరహా తలనొప్పో, వెలుతురూ చప్పుడూ రెండూ పడకపోవడమో, కళ్ల ముందు మెరుపు గీతలో కనిపించాలి. అంటే తల తిరిగిన ప్రతిసారీ నొప్పి ఉండాలన్న షరతు లేదు. దీన్ని చూపించే స్కాను, రక్తపరీక్ష లేవు. అందుకే రోగి చెప్పే కథే ముఖ్యం. ‘తలనొప్పి ఉందా?’ అంటే లేదనే చెబుతారు. ఉపవాసం నాడో నెలసరికి ముందో పాతికేళ్ల వయసులో వచ్చిన నొప్పిని విడిగా అడగాలి. కొందరు స్త్రీలకు నెలసరి ఆగే వయసులో ఆ నొప్పి తగ్గి, తల తిరగడం మొదలవుతుంది.

పక్క మీద ఒత్తిగిల్లగానే నిమిషంలోపు గిర్రున తిరిగి ఆగితే అది సాధారణంగా చెవిలోని సున్నపు రేణువుల పని. వినికిడి తగ్గి, చెవిలో హోరు ఉంటే లోపలి చెవికి వచ్చే మెనియర్స్ వ్యాధిని అనుమానిస్తారు. ఉన్నట్టుండి మాట తడబడినా, కాలూచేయీ పడిపోయినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

వేళకు నిద్ర, వేళకు తిండి, అవసరమైతే మైగ్రేన్ నివారణ మందులు: చికిత్స ఇంతే. నాకు కోపం తెప్పించేది నెలల తరబడి మింగే తల తిరుగుడు మాత్రలు. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి ఎక్కువ కాలం వాడితే కొందరు పెద్దవయసు వారికి చేతి వణుకు, నడకలో మందకొడితనం వస్తాయి. ఆ వణుకుకు మరో మాత్ర రాసేముందు పాత మందుల చీటీ ఒకసారి చూడాలి.